యర్మూక్, 636: వెనక దారి ఎవరికి మిగిలింది?

(ప్రసంగ పాఠం, చివర ప్రశ్నోత్తరాలతో)

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం ఒకే ఒక్క యుద్ధం గురించి మాట్లాడతాను. 636 ఆగస్టులో, ఇప్పటి సిరియా, జోర్డాన్ సరిహద్దు దగ్గర, యర్మూక్ నది గండి అంచున జరిగిన యుద్ధం. ఒక పక్క హెరాక్లియస్ చక్రవర్తి పంపిన రోమన్ సైన్యం. మన పాఠ్యపుస్తకాల్లో దీన్నే బైజాంటైన్ సామ్రాజ్యం అంటారు. రెండో పక్క ముస్లిం సైన్యం. దాని సేనాధిపతి అబూ ఉబైదా, ఆజ్ఞలు మదీనాలో ఉన్న ఖలీఫా ఉమర్‌వి. క్రీస్తుపూర్వం 64లో పాంపే సిరియాను రోమ్‌లో కలిపాడు. మధ్యలో పర్షియన్లు పట్టుకున్న కొన్నేళ్ళు తీసేస్తే, ఏడువందల ఏళ్ళు నిలిచిన ఆ ఏలుబడి యర్మూక్‌తో ముగిసింది.

రోమన్లు ఎందుకు ఓడారని అడిగితే మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. అరబ్బుల్లో విశ్వాసబలం ఉంది అన్నది ఒకటి. పర్షియాతో పోరాడి రోమన్లు అలసిపోయారు అన్నది రెండోది. రెండూ నిజాలే. కానీ విశ్వాసబలం ఉన్న ఆ అరబ్బు సైన్యమే 634లో యూఫ్రటిస్ ఒడ్డున పర్షియన్ల చేతిలో ఘోరంగా ఓడింది. వాళ్ళు పడవల వంతెన దాటి అవతలి ఒడ్డుకు వెళ్ళారు. ఏనుగుల్ని చూసి గుర్రాలు బెదిరాయి, వెనక వంతెన తెగింది, చాలామంది నీళ్ళలో పోయారు. సేనాధిపతే చనిపోయాడు. ఇక అలసిపోయారంటున్న ఆ రోమన్లు యర్మూక్ దగ్గర వారాల తరబడి నిలబడ్డారు, అరబ్బు శిబిరం దాకా చొచ్చుకొచ్చారు. కాబట్టి ఈ రెండు జవాబులతో సరిపెట్టుకోలేం. నేను చెప్పదలచుకున్నది ఇది: యర్మూక్‌లో గెలుపు తేల్చింది నేల, తిండి, వెనక్కి పోయే దారి. రోమన్లు తమకు రక్షణ అనుకుని ఎంచుకున్న చోటే వాళ్ళకు బోనైంది. అది ఎలా జరిగిందో కాస్త ఓపిగ్గా చూద్దాం.

నేపథ్యం గబగబా చెప్పేస్తాను. 602 నుంచి 628 దాకా రోమ్, పర్షియా యుద్ధం చేశాయి. పర్షియన్లు 613లో డమాస్కస్, 614లో జెరూసలేం పట్టుకున్నారు, ఆ తర్వాత ఈజిప్టు కూడా. 626లో రాజధాని కాన్‌స్టాంటినోపుల్ గోడల దాకా శత్రువులు వచ్చారు. హెరాక్లియస్ 627 డిసెంబరులో నినెవే దగ్గర గెలిచి కథ తిప్పేశాడు. పర్షియన్లు ఎత్తుకుపోయిన క్రీస్తు శిలువను 630లో మళ్ళీ జెరూసలేంలో ప్రతిష్ఠించాడు. అంటే యర్మూక్ నాటికి సిరియాలో రోమన్ పాలన తిరిగొచ్చి పట్టుమని పదేళ్ళు కూడా కాలేదు. ఖజానా ఖాళీ. ఎడారి అంచున కాపలా కాసే అరబ్బు తెగలకు ఇచ్చే భత్యాలు ఆగిపోయాయి. భత్యం అడగడానికి వచ్చిన వాళ్ళను ఒక అధికారి తిట్టి పంపాడనీ, వాళ్ళు వెళ్ళి ముస్లిం సైన్యాలకు దారి చూపించారనీ తొమ్మిదో శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు థియోఫనీస్ రాశాడు. ఎడారి దారులు తెలిసినవాణ్ణి పోగొట్టుకోవడం కోటగోడ పోగొట్టుకోవడం కన్నా పెద్ద నష్టం. గోడను మళ్ళీ కట్టుకోవచ్చు.

634లో ముస్లిం సేనలు నాలుగు దళాలుగా సిరియాలోకి వచ్చాయి. ముస్లిం సేనాని ఖాలిద్ బిన్ వలీద్ ఇరాక్ నుంచి ఎడారి దాటి వచ్చి కలిశాడు. అజ్నాదైన్ దగ్గర రోమన్లు ఓడారు. 635లో డమాస్కస్, తర్వాత హోమ్స్ లొంగిపోయాయి. అప్పుడు హెరాక్లియస్ ఉత్తరాన ఉన్న అంతియోక్ నగరంలో కూర్చుని చివరి బలమంతా కూడగట్టాడు. వచ్చిన సేనాధిపతుల్ని చూడండి. అర్మేనియన్ వహాన్. థియోడర్ త్రితూరియస్ అనే ఖజానా అధికారి. ఘస్సానీ అరబ్బుల నాయకుడు జబలా బిన్ అల్-ఐహమ్. అర్మేనియన్లు, గ్రీకులు, సిరియన్లు, క్రైస్తవ అరబ్బులు. మాట్లాడే భాషలు నాలుగు, ఆజ్ఞలిచ్చే నాయకులు అంతకన్నా ఎక్కువ. ఖజానా అధికారి యుద్ధానికి ఎందుకొచ్చాడు? జీతాల సంగతి చూసే మనిషి పక్కన లేకపోతే ఆ సైన్యం కదలదు కాబట్టి. ఈ ఒక్క నియామకంతోనే ఆ సైన్యం పరిస్థితి అర్థమైపోతుంది.

ఈ సైన్యం దిగివస్తోందని తెలియగానే ముస్లింలు ఒక పని చేశారు. గెలుచుకున్న హోమ్స్, డమాస్కస్ రెండింటినీ వదిలేసి దక్షిణానికి వచ్చేశారు. 'మిమ్మల్ని కాపాడలేనప్పుడు మీ పన్ను మా దగ్గర ఉంచుకోకూడదు' అని హోమ్స్ ప్రజలకు వసూలు చేసిన సొమ్ము తిరిగిచ్చారని తొమ్మిదో శతాబ్దపు అరబ్బీ చరిత్రకారుడు బలాజురీ రాశాడు. దీన్ని ధర్మబుద్ధికి ఉదాహరణగా చెబుతుంటారు, చెప్పాల్సిందే. సైనికంగా కూడా ఇది చాలా కఠినమైన నిర్ణయం. ఊరూరా కాపలాదళాలుగా చెదిరిపోయిన మనుషులు ఒక్కచోటికి చేరారు. నగరం పోయినా సైన్యం మిగిలితే నగరాన్ని మళ్ళీ తెచ్చుకోవచ్చని వాళ్ళు లెక్కేసుకున్నారు. హెరాక్లియస్‌కు ఆ వీలు లేదు. చక్రవర్తి కాబట్టి నగరాల్ని కాపాడి చూపించాలి.

ముస్లింలు ఆగిన చోటు జాబియా. డమాస్కస్‌కు దక్షిణాన, హౌరాన్ మైదానంలో, ఘస్సానీ రాజుల పాత విడిది. పచ్చిక ఉంది, ఊటలున్నాయి. తర్వాత అక్కణ్ణుంచి ఇంకా దక్షిణానికి, దెరా పట్టణం వైపు జరిగారు.

ఇప్పుడు నేల గురించి. పటాన్ని మనసులో గీసుకోండి. పడమర చివర గలిలీ సరస్సు, అంటే తిబెరియాస్. దానికి తూర్పున గోలాన్ ఎత్తుభూమి. ఇంకా తూర్పుకు వస్తే హౌరాన్ మైదానం. ఆ మైదానానికి ఈశాన్యాన లజా అనే నల్లటి లావా రాళ్ళ నేల. గుర్రం గిట్టలు విరిగిపోతాయి, అందులో సైన్యం నడవదు. దక్షిణాన యర్మూక్ నది తూర్పు నుంచి పడమరకు పారి, సరస్సుకు కాస్త కింద జోర్డాన్ నదిలో కలుస్తుంది. ఉత్తరం నుంచి కొన్ని వాగులు దిగివచ్చి యర్మూక్‌లో పడతాయి. వాటిలో మనకు ముఖ్యమైనది వాది రుక్కాద్. 'వాగు' అంటున్నాను గానీ మోకాటిలోతు నీళ్ళ వాగు అనుకోకండి. గండికోట దగ్గర పెన్నా నది కోసిన గండిని చూసినవాళ్ళకు వెంటనే తెలుస్తుంది: చదునుగా నడుచుకుంటూ పోతాం, అడుగు దూరంలోకి వచ్చేదాకా గండి ఉందనే తెలియదు, అంచుకు రాగానే నేల నిట్టనిలువుగా తెగిపోయి ఉంటుంది. యర్మూక్, రుక్కాద్ కలిసే చోట గండ్లు దానికన్నా లోతైనవి.

ఈ పటంలో రెండు ఇరుకు చోట్లున్నాయి. ఒకటి దెరా కనుమ. యర్మూక్ గండికీ లజా రాళ్ళకూ మధ్య ఉన్న చదును నేల. ఉత్తరం నుంచి సైన్యం అరేబియా వైపు పోవాలన్నా, అరేబియా నుంచి డమాస్కస్ రావాలన్నా ఇదే వాకిలి. ముస్లింలు ఈ వాకిట్లో నిలబడ్డారు. వాళ్ళ వెనక ఆగ్నేయాన బోస్రా ఉంది, అది 634లోనే వాళ్ళ చేతికొచ్చింది. దాని వెనక ఎడారి. ఓడినా ఒంటెలెక్కి ఎడారిలోకి జారుకోవచ్చు. రోమన్ అశ్వికదళం అక్కడికి వెంటాడలేదు.

రెండో ఇరుకు రుక్కాద్ మీద ఉన్న వంతెన. రోమన్లు రుక్కాద్‌ను వెనక పెట్టుకుని, యర్మూక్ గండిని కుడి పక్కన పెట్టుకుని, తూర్పు ముఖంగా నిలిచారు. వాళ్ళ శిబిరం రుక్కాద్‌కు పడమటి వైపు, యాకూసా అనే చోట. ఈ ఎంపిక తెలివితక్కువది కాదు. అరబ్బు గుర్రాలు పక్కనుంచి చుట్టి రావడంలో దిట్టలు. గండి పక్కనుంటే ఆ వైపు నుంచి ఎవరూ రాలేరు. పైగా పడమటి నుంచి, గలిలీ, పాలస్తీనా ఊళ్ళ నుంచి వచ్చే రోమన్ రహదారి ఆ వంతెన మీదుగానే వస్తుంది. ధాన్యం ఆ దారినే రావాలి. ఒక సేనాధిపతి పటం ముందు కూర్చుని ఎంచుకుంటే ఆ చోటే ఎంచుకుంటాడు. చిక్కల్లా ఒక్కటే. ఆ చోటికి వెనక వాకిలి ఒకటే ఉంది, అది ఒక వంతెన అంత వెడల్పు.

ఇక తిండి, నీళ్ళు. యుద్ధాల గురించి మాట్లాడేటప్పుడు అందరూ దాటేసే విషయం ఇదే, అందుకే దీని మీద కాసేపు ఆగుతాను.

బలాజురీ రోమన్ సైన్యం రెండు లక్షలన్నాడు. ముస్లింలు 24,000. ఈ రెండు లక్షలు నిజమవుతాయేమో మనమే లెక్కేద్దాం. మనిషికి రోజుకు కిలో ధాన్యం అనుకోండి. రెండు లక్షల మందికి రోజుకు 200 టన్నులు. ఒంటె మోసేది సుమారు 150 కిలోలు. అంటే రోజూ 1,330 ఒంటెల బరువు శిబిరానికి చేరాలి. ధాన్యం దొరికే ఊరు నాలుగు రోజుల దూరంలో ఉంటే వెళ్ళి రావడానికి ఎనిమిది రోజులు. అప్పుడు దారి మీద ఎప్పుడూ పదివేలకు పైగా ఒంటెలుండాలి. వాటి మేత ఇంకా లెక్కలోకి రాలేదు. అవన్నీ ఒక వంతెన మీదుగా రావాలి. ఇది జరిగే పని కాదు. ఇప్పటి చరిత్రకారులు రోమన్ సైన్యాన్ని 15,000 నుంచి 40,000 మధ్య అంచనా కడతారు. ముస్లిం సైన్యమూ సుమారు అదే కొలతలో ఉంటుంది. అంటే ఏనుగుతో చీమ తలపడిన కథ కాదిది.

సరే, ఇరవై వేలే అనుకుందాం. అప్పటికీ రోజుకు 20 టన్నుల ధాన్యం కావాలి. ఐదువేల గుర్రాలుంటే ఒక్కోదానికి మూడు కిలోల బార్లీ చొప్పున మరో 15 టన్నులు. వేసవిలో గుర్రం రోజుకు ముప్పై లీటర్లు తాగుతుంది. ఐదువేల గుర్రాలకు లక్షన్నర లీటర్లు. ఆగస్టులో హౌరాన్‌లో చినుకు పడదు. నీళ్ళు గండి అడుగున ఉంటాయి, సైన్యం గండి పైన ఉంటుంది. గుర్రాలను ఇరుకు కాలిబాటల్లో కిందికి దింపి, తాగించి, మళ్ళీ పైకెక్కించాలి. వందల గుర్రాలు ఒకే బాటలో దిగుతుంటే పొద్దంతా అదే పని అవుతుంది. ఆ సమయంలో శత్రువు కదిలితే సగం గుర్రాలు గండి అడుగున ఉంటాయి. అరబ్బులు ప్రయాణానికి ఒంటెలు వాడి గుర్రాలను పోరాటానికి మాత్రమే ఎక్కేవాళ్ళు. ఒంటె నీళ్ళు లేకుండా రోజుల తరబడి ఓర్చుకుంటుంది, ముళ్ళకంప తిని బతుకుతుంది. అవసరమైతే అదే ఆహారమూ అవుతుంది. వాళ్ళ సరఫరా వాళ్ళ వెంటే నడుస్తుంది. రోమన్ల సరఫరా వంతెన అవతల నుంచి రావాలి.

అందుకే ఎదురుచూపులో రోజులు గడిచేకొద్దీ ఎవరు బలపడ్డారో, ఎవరు చిక్కిపోయారో ఊహించుకోవచ్చు. మే నుంచి ఆగస్టు దాకా కబుర్లు, రాయబారాలు, చిన్నచిన్న పోట్లాటలు నడిచాయి. ఆ వ్యవధిలో ముస్లింలకు మదీనా నుంచి, యెమెన్ తెగల నుంచి కొత్త మనుషులు వచ్చి చేరుతూనే ఉన్నారు. రోమన్లకు జీతాల గొడవ మొదలైంది. పదో శతాబ్దంలో అలెగ్జాండ్రియా మతాధిపతి యుటికియస్ రాసిన చరిత్రలో ఒక సంగతి ఉంది. డమాస్కస్‌లో పన్నుల అధికారి మన్సూర్‌ను వహాన్ డబ్బు అడిగాడు. ఇంత పెద్ద సైన్యాన్ని పోషించే సొమ్ము డమాస్కస్‌లో లేదన్నాడు మన్సూర్. తర్వాత ఒక రాత్రి డప్పులతో, కాగడాలతో ఊరి జనాన్ని వెంటబెట్టుకుని శిబిరం వైపు వచ్చాడు. అరబ్బులు వెనకనుంచి వచ్చి పడ్డారనుకుని సైనికులు బెదిరి పరిగెత్తారు. మూడు శతాబ్దాల తర్వాత రాసిన ఈ కథలో రాత్రి, కాగడాలు ఎంతవరకు నిజమో గానీ, డబ్బు లేదన్న మాటను మాత్రం నేను నమ్ముతాను. పర్షియన్లు పిండేసి వెళ్ళిన ఊరది. థియోఫనీస్ ఇంకో మాట కలుపుతాడు: వహాన్ సైనికులు తిరగబడి వహాన్‌నే చక్రవర్తిగా ప్రకటించారట, థియోడర్ మనుషులు పక్కకు తప్పుకున్నారట. ఒకే శిబిరంలో ఇద్దరు సేనాధిపతులు ఒకరినొకరు అనుమానించుకుంటున్న సైన్యానికి యుద్ధం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు తేదీ. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దీని వెనక మంచి సాక్ష్యం ఉంది. అరబ్బీ చరిత్రకారుడు తబరీ తన చరిత్రలో సైఫ్ అనే కథకుణ్ణి అనుసరించి యర్మూక్‌ను ముస్లింల హిజ్రీ శకం 13లో, అంటే 634లో పెట్టాడు. ఆ కథనంలో యుద్ధం మధ్యలో ఉమర్‌కు ముందటి ఖలీఫా అబూ బక్ర్ చనిపోయాడని వార్త వస్తుంది, ఖాలిద్‌ను తొలగించారని ఉత్తరం వస్తుంది. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. మిగతా కథకులు హిజ్రీ 15 అంటారు. ఎవరిది నిజం? జవాబు అరబ్బీ గ్రంథాల్లో కాదు, సిరియా క్రైస్తవుల భాష సిరియాక్‌లో ఉన్న ఒక సువార్త ప్రతిలో దొరికింది. ఆరో శతాబ్దంలో రాసిన ఆ ప్రతి మొదటి ఖాళీ పుటలో ఎవరో కొన్ని వరుసలు గీకి పెట్టారు. ఇప్పుడది లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అక్షరాలు చాలాచోట్ల చెరిగిపోయాయి. మిగిలిన వరుసల్లో ముహమ్మద్ పేరుంది, హోమ్స్ పేరుంది. 947వ సంవత్సరం ఆగస్టు 20న గబితా దగ్గర యుద్ధం జరిగిందనీ, రోమన్లు యాభైవేల దాకా చనిపోయారనీ ఉంది. గబితా అంటే జాబియాయే. 947 అంటే అప్పటి సిరియా వాళ్ళు వాడిన సెలూకిడ్ శకపు లెక్క. ఆ ఏడు 635 అక్టోబరులో మొదలై 636 సెప్టెంబరులో ముగుస్తుంది. కాబట్టి ఆ ఆగస్టు 20 సరిగ్గా 636 ఆగస్టు 20. అరబ్బీ లెక్కలో అది హిజ్రీ 15 రజబ్ 12. రెండు భాషల్లో, రెండు శకాల్లో, ఒకరి సంగతి ఒకరికి తెలియని ఇద్దరు రాసిన తేదీలు ఒక్క రోజు మీద కలుస్తున్నాయి. యాభైవేల అంకెను మనం అలాగే తీసుకోనక్కర్లేదు. ఆ చేతికి ఆ నష్టం ఎంత పెద్దదిగా అనిపించిందో మాత్రం తెలుస్తుంది.

ఇక పోరాటం. ఇంటర్నెట్‌లో వెతికితే ఆరు రోజుల యుద్ధం, రోజుకో పటం, బాణం గుర్తులు, 36 పదాతి దళాలు, నాలుగు అశ్విక దళాలు అన్నీ దొరుకుతాయి. ఆ పటాలు ఇరవయ్యో శతాబ్దంలో గీసినవి. పాత గ్రంథాల్లో చెల్లాచెదురుగా ఉన్న సంఘటనల్ని వరసగా పేర్చి చేసిన పునర్నిర్మాణం అది. కష్టపడి చేసిన పనే, కొట్టిపారేయను. కానీ మూడో రోజు మధ్యాహ్నం ఎడమ పక్షం ఎన్ని గజాలు వెనక్కి తగ్గిందో చెప్పే ఆధారం ఏ పాత గ్రంథంలోనూ లేదు. థియోఫనీస్ ప్రకారం మొదటి ఓటమి జులై 23న జరిగింది. చివరి దెబ్బ ఆగస్టు 20న. మధ్యలో నాలుగు వారాలు. ఆ నాలుగు వారాల్లో ఏం జరిగిందనేదానికి స్థూలమైన రూపం మాత్రం బాగానే నిలుస్తుంది.

రోమన్లు పదాతినీ అశ్వికదళాన్నీ కలిపి నిలబెట్టేవాళ్ళు. మారీస్ చక్రవర్తి పేరుతో ఉన్న యుద్ధ నియమావళిలో ఈ పద్ధతి వివరంగా ఉంది. డాళ్ళు పట్టుకున్న కాల్బలం వరసగా నిలుస్తుంది. గుర్రాలు దాడికి పోవాలంటే కాల్బలం పక్కకు జరిగి సందు ఇస్తుంది. గుర్రాలు ముందుకు దూకి, కొట్టి, వెనక్కి తిరిగి అదే సందులోంచి లోపలికి వస్తాయి. సందు మూసుకుంటుంది. చదువుతుంటే బాగుంటుంది. దీనికి మూడు కావాలి: బూరల సంకేతం అందరికీ ఒకేలా అర్థం కావాలి, దుమ్ములో కూడా జెండాలు కనిపించాలి, కాల్బలానికి గుర్రపువాళ్ళ మీద నమ్మకం ఉండాలి. నాలుగు భాషల సైన్యంలో, ఇద్దరు సేనాధిపతులు ఒకరినొకరు నమ్మని చోట ఈ మూడూ ఉండవు.

ఎదుటి వైపు ఖాలిద్ ఉన్నాడు. ఉమర్ ఖలీఫా అయ్యాక సర్వసేనాధిపత్యం అబూ ఉబైదాకు ఇచ్చాడు, ఖాలిద్ అశ్వికదళం నడిపాడు. కాల్బలం కుడి, ఎడమ, నడుమ భాగాలుగా, చిన్నచిన్న దళాలుగా నిలబడింది. ఒక దళం చెదిరినా పక్క దళం చెదరదు. విలుకాళ్ళు ముందున్నారు. ఖాలిద్ గుర్రాల్లో మంచి భాగాన్ని వెనక ఆపి ఉంచాడు, ఎక్కడ వరస తెగితే అక్కడికి పంపడానికి. రోమన్లు బలంగానే వచ్చారు. ముస్లిం పక్షాలు వెనక్కి తగ్గి శిబిరం దాకా వచ్చాయి. అక్కడ గుడారాల గుంజలు పట్టుకున్న ఆడవాళ్ళు పారిపోయి వస్తున్న తమవాళ్ళను తిట్టి, కొట్టి వెనక్కి పంపారు. కొందరు స్వయంగా పోరాడారు. బలాజురీ హింద్ బింత్ ఉత్బా పేరు చెబుతాడు. ఒకనాటి బాణాల వానలో ఎంతోమంది కళ్ళు పోగొట్టుకున్నారు. హాషిం బిన్ ఉత్బా కన్ను పోయింది యర్మూక్‌లోనే. ఇది తేలిగ్గా దక్కిన గెలుపు అనుకునేవాళ్ళు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి.

నిర్ణయాత్మకమైన క్షణం ఏదంటే, రోమన్ గుర్రాలు ముందుకు పోయి తమ కాల్బలానికి దూరమైనప్పుడు. ఆ మధ్యన ఏర్పడిన సందులోకి అరబ్బు అశ్వికదళం దూరింది. ఇప్పుడు రోమన్ గుర్రపువాళ్ళు వెనక్కి వచ్చి నిలబడడానికి వరస లేదు. వాళ్ళు ఉత్తరానికి మళ్ళి పోయారు. వాళ్ళను పోనిచ్చారు కూడా. కాల్బలం ఒంటరైంది. డాళ్ళ వరస ముందునుంచి వచ్చే గుర్రాన్ని ఆపగలదు గానీ, పక్కనుంచీ వెనకనుంచీ వచ్చేదాన్ని ఆపాలంటే అటు తిరగాలి. తిరుగుతుంటే ముందు వరస తెరుచుకుంటుంది. ఉత్తరం నుంచి, తూర్పు నుంచి ఒత్తిడి పెరిగేకొద్దీ వాళ్ళు నైరుతి మూలకు, రెండు గండ్లు కలిసే కొసకు నెట్టబడ్డారు.

ఈలోగా రాత్రివేళ ఒక అరబ్బు అశ్విక దళం వెళ్ళి రుక్కాద్ వంతెనను పట్టుకుంది. యుద్ధం మొత్తంలో ఇంతకన్నా విలువైన పని ఇంకోటి జరగలేదని నా అభిప్రాయం. ఆ వంతెన పట్టుకోవడానికి పెద్ద సైన్యం అక్కర్లేదు. ఇరుకు చోటును కొద్దిమంది కాయగలరు. దాంతో శిబిరానికీ సైన్యానికీ లంకె తెగిపోయింది. తిండి లేదు, దారి లేదు, ఇంతలో దక్షిణపు గాలి లేచి దుమ్మును రోమన్ల మొహాన కొట్టిందని థియోఫనీస్ రాశాడు. చాలామంది చీకట్లో, దుమ్ములో గండి అంచు కనబడక పడి చనిపోయారు. కొందరు ఆయుధాలు పడేసి కూర్చుండిపోయారు. వాళ్ళనూ చంపేశారు. ఖైదీలుగా పట్టుకునే తీరిక ఆ రోజు ఎవరికీ లేదు. ఆజ్ఞలకు కట్టుబడి పనిచేసే, జీతం రాని, ఊరుగాని ఊరొచ్చిన వేలమంది అలా పోయారు. గెలిచినవాళ్ళ గొప్ప చెప్పేటప్పుడు వీళ్ళను మరిచిపోవడం న్యాయం కాదు.

తర్వాత జరిగింది త్వరగా చెబుతాను. ఖాలిద్ వెంటపడి డమాస్కస్ దాకా వెళ్ళాడు. ఊరు మళ్ళీ లొంగింది. 637లో అంతియోక్. జెరూసలేంను మతాధిపతి సొఫ్రోనియస్ ఒప్పందం మీద అప్పగించాడు. తీరంలోని సీజరియా ఒక్కటే సముద్రం వెనకుంది కాబట్టి 640 దాకా నిలిచింది. 639లో అమ్వాస్ మహమ్మారి అబూ ఉబైదానూ, మరో ఇద్దరు ముస్లిం సేనానులు యజీద్ బిన్ అబీ సుఫ్యాన్‌నూ షురహ్‌బీల్‌నూ మింగేసింది. కత్తి తీయలేని ప్రాణాల్ని ప్లేగు తీసింది. సిరియా పాలన యజీద్ తమ్ముడు ముఆవియాకు దక్కింది. ఉమయ్యద్ రాజవంశం అక్కణ్ణుంచే.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సిరియా క్రైస్తవులు కాన్‌స్టాంటినోపుల్ చర్చితో పడక అరబ్బులకు తలుపులు తీశారంటారు కదా, అది కారణం కాదా?

మత విభేదం నిజం. క్రీస్తు స్వభావం మీద రాజధాని చర్చికీ సిరియా చర్చికీ శతాబ్దానికి పైగా తగాదా ఉంది. కానీ యర్మూక్‌లో ఆ వాదన నిలవదు. రోమన్ల పక్షాన ముందు నిలిచి పోరాడిన ఘస్సానీలు సరిగ్గా ఆ రాజధాని చర్చికి పడనివాళ్ళే. వహాన్ అర్మేనియన్లలో కూడా చాలామందికి రాజధాని చర్చి మీద ఇష్టం లేదు. అయినా వచ్చి పోరాడారు. ఓడాక ఊళ్ళు ఎందుకు త్వరగా లొంగాయంటే, కాపాడే సైన్యం లేదని తెలిసింది కాబట్టి. ప్రాణానికీ ఆస్తికీ చర్చికీ హామీ ఇచ్చి పన్ను అడిగే ఒప్పందం ఎదురుగా ఉంటే, గోడల వెనక ఆకలితో చావడం ఎవరికి కావాలి? ద్రోహం అనడానికి ఇక్కడ ఏమీ లేదు.

ప్రశ్న: సిరియా పోయినా అనటోలియా, అంటే ఇప్పటి టర్కీ నేల, ఎలా మిగిలింది? అక్కడ కూడా ఇదే సైన్యం కదా?

మంచి ప్రశ్న. హెరాక్లియస్ అంతియోక్ వదిలి వెళ్తూ, అలెగ్జాండ్రెట్టా నుంచి తార్సస్ దాకా ఉన్న ఊళ్ళ జనాన్నీ కాపలాదళాల్నీ తనతో తీసుకుపోయాడని బలాజురీ రాశాడు. ఆ నేలలో తిండి దొరకదు, మనిషి దొరకడు. దాని వెనక టారస్ కొండలు. వాటిలో దారులు నాలుగైదు, చలికాలంలో మంచు. ముందే లెక్కేశాం కదా, సైన్యం తినే తిండి ఎంతో. అరబ్బులు ఆ ఖాళీ నేల దాటి ప్రతి వేసవిలో దాడికి పోయేవాళ్ళు, చలికాలానికి తిరిగొచ్చేసేవాళ్ళు. అలా శతాబ్దాలు నడిచింది. యర్మూక్ దగ్గర తాను పడిన ఇబ్బందినే చక్రవర్తి అవతలివాళ్ళకు అంటగట్టాడు.

ప్రశ్న: మొదట్లో యూఫ్రటిస్ వంతెన దగ్గర అరబ్బుల ఓటమి చెప్పారు. దాన్నుంచి వాళ్ళు నేర్చుకున్నట్టు ఆధారం ఉందా?

ఉంది. ఇరాక్‌లో సైన్యానికి స్థావరం ఎక్కడ పెట్టాలని అడిగినప్పుడు, తనకూ సైన్యానికీ మధ్య నది ఉండకూడదని ఉమర్ ఆదేశించాడు. అందుకే కూఫా నగరం యూఫ్రటిస్‌కు ఎడారి వైపు ఒడ్డున లేచింది. ఈజిప్టులోనూ ఇదే జరిగింది. ఈజిప్టును గెలిచిన సేనాని అమ్ర్ బిన్ అల్-ఆస్‌కు అలెగ్జాండ్రియాలో ఉండాలని ఉంది. సిద్ధంగా భవనాలున్న నగరం, ఎవరికి ఉండదు? ఉమర్ అడిగింది ఒక్కటే: నాకూ ముస్లింలకూ మధ్య నీళ్ళు అడ్డొస్తాయా? నైలుకు వరద వచ్చినప్పుడు అడ్డొస్తాయన్నారు. దాంతో అమ్ర్ అలెగ్జాండ్రియా ఆశ వదులుకుని, నైలు తూర్పు ఒడ్డున, అరేబియా వైపు నేలదారి తెరిచి ఉన్న చోట ఫుస్తాత్ కట్టాడు. ఇప్పటి కైరో నగరంలో పాత భాగం అదే.